డ్రిల్లు మాష్టారి గొయ్యి

ఆ శనివారం పొద్దున జొన్నగంజి తాగుతూ జక్కయ్య మాష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి ఆవరణలో ఒక గొయ్యి తవ్వించాలి, అందులో మెత్తగా గడ్డి పరిపించాలి, సాయంత్రానికల్లా పెద్ద తరగతి కుర్రాళ్ల చేత పోల్ వాల్టు మొదలుపెట్టించాలి. లోకంలో పెద్ద తంటాలన్నీ ఇలాంటి చిన్న పథకాలకే పుడతాయి.

నడికుడి దగ్గరి ఆ ఊరి మిషన్ హైస్కూల్లో అతనిది డ్రిల్లు మాష్టారి ఉద్యోగం, అదీ టెంపరరీ. "ఈ యేడు గుంటూరు పోటీల్లో ఒక్క బహుమతన్నా రాకపోతే నిన్ను తీసేస్తం. పిల్లకాయలు ఎగరటానికి జీతమెందుకు? ఊరికే ఎగురుతూనే ఉంటారుగా" అని కమిటీ ప్రెసిడెంటు ఇశ్రాయేలు గారు తేల్చి చెప్పారు. ఆయన సంఘపెద్ద, ఊళ్లో అందరికన్నా ఎక్కువ పొలమున్న ఆసామి. ఆయన మాటకు తిరుగులేదు. పరుగు పందేనికైతే ప్రతి బడి నుంచీ గుర్రాల్లాంటి కుర్రాళ్లు దిగుతారు. పోల్ వాల్టు జోలికి మాత్రం ఎవరూ పోరని జక్కయ్య ఆరా తీశాడు. ఎవరూ రాని పోటీలో మనవాడు కాళ్లు విరక్కుండా దిగితే చాలు, బహుమతి మనదే.

చిక్కల్లా ఆ దిగడంలోనే ఉంది. జక్కయ్య పోల్ వాల్టును జన్మలో ఒక్కసారే చూశాడు, మద్రాసులో ట్రైనింగు నాడు. వెదురు పట్టుకుని ఒకడు పరుగెత్తి రావడం చూశాడు, పైకి లేవడం చూశాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒక పెద్దమనిషి తలపాగా సర్దుకోవడానికి లేచి నిలబడ్డాడు. ఆ పైన ఏం జరిగిందో జక్కయ్యకు నేటికీ తెలియదు.

అయినా ఉన్నంతలో సరంజామా శ్రద్ధగానే ఎంచాడు. జాన్ సాహెబు దుకాణంలో వెదుళ్లన్నీ వంచి చూసి, తేలికైనది, బాగా వంగేది ఒకటి తీశాడు. "పందిరికా మాష్టారూ?" అని సాహెబు అడిగితే "ఎగరటానికి" అన్నాడు. సాహెబు డబ్బు ముందే పుచ్చుకున్నాడు. కసరత్తులు కూడా తనే కల్పించాడు. వసారా దూలానికి వేలాడి కాళ్లు పైకెత్తడం ఒకటి. భుజాన వెదురు వేసుకుని పరుగెత్తడం మరొకటి. వెదురు ఒకటే ఉంది గనక, ఇంటి నుంచి తలా ఒక రోకలి తెచ్చుకోమన్నాడు. ఆ పొద్దున ఊళ్లోని రోకళ్లన్నీ వరసగా బడిదారి పట్టాయి.

గొయ్యి పనికి ఫరీదు తమ్ముళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ చుట్టుపక్కల నేలలో గింజలు దాచే పాతరలన్నీ అతని చేతి తవ్వకాలే. జక్కయ్య వసారా పక్క మూల చూపించాడు.

"ఆడొద్దు మాష్టారూ. ఆడ నేల మంచిది గాదు. కాస్త అవతల తవ్వుదాం."

నేల సంగతి తవ్వేవాడికి తెలిసినట్టు తొక్కేవాడికి తెలియదు గదా అని జక్కయ్య ఒప్పుకున్నాడు. "నడుం లోతు చాలు ఫరీదూ" అన్నాడు.

"నడుం లోతులో ఏం పడతయ్?"

"కుర్రాళ్లు పడతారు."

ఫరీదు నవ్వాడు. యుద్ధం రోజులవి. కంట్రోలు వచ్చి, కొలత ప్రకారం ఉండాల్సిన గింజల కన్నా ఎక్కువుంటే సర్కారు జప్తు చేస్తున్న కాలం. గొయ్యి దేనికో ఫరీదుకు నిజం చెప్పేవాళ్లే కరువయ్యారు. "నాకు తెలవదా మాష్టారూ, ఎవురికీ చెప్పన్లే" అని అభయమిచ్చి, తనకు వచ్చిన పద్ధతిలోనే మూతి ఇరుగ్గా, కడుపు వెడల్పుగా, మనిషి మునిగే లోతున తవ్విపెట్టాడు. అన్నట్టే ఎవరికీ చెప్పలేదు. చెప్పే పనీ లేకపోయింది. పాతరలో గింజల చుట్టూ కుక్కేదీ గడ్డే. నడివీధిన గడ్డిబండి బడికి పోవడం ఊరంతా చూసింది.

మొదట మార్తమ్మ వచ్చింది, నెత్తిన జొన్నల మూటతో. "నాయనా జక్కయ్యా, నీయి ఎట్టాగూ పెడతన్నావుగా, ఓ మూల నాయి గూడా పడెయ్."

"అత్తా, ఇది పాతర గాదు. పిల్లలు దూకే గొయ్యి."

"అట్టనే అనాల్లే. నేనూ అట్టనే అంటా."

ఆ వెనకే జక్కయ్య భార్య మణెమ్మ వచ్చింది. "నాకు గంజి పోసి, నువ్వు బళ్లో పాతరేత్తన్నావా? ఎవురి కోసమయ్యా? రోకలి గూడా ఎత్తకొస్తివి! ఆ దంచేదెవుతో చెప్పు!"

జక్కయ్య సర్దిచెప్పబోయేంతలో ఇశ్రాయేలు గారు రొప్పుతూ వచ్చారు. ఆయన రొప్పడం ఊళ్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. "పూడ్చెయ్. ఇప్పుడే పూడ్చెయ్" అన్నారు.

"మరి బహుమతి, అయ్యగారూ?"

"బహుమతొద్దు, ఏమొద్దు. పరుగు పెట్టించుకో. దానికి గొయ్యి అక్కర్లా."

పూడిస్తే బహుమతి రాదు, రాకపోతే ఉద్యోగం ఉండదు. పూడ్చకపోతే ఈయన ఇవాళే పీకేస్తాడు. ఏం చెయ్యాలో తోచక జక్కయ్య గోచీ బిగించి నిలబడ్డాడు. అప్పుడే గేటు దగ్గర సైకిలు బెల్లు మోగింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మన్సూర్ సాహెబు దిగాడు. మార్తమ్మ మూట మీద కొంగు కప్పి, దాని మీద కూర్చుంది.

సాహెబు గొయ్యి చుట్టూ తిరిగి చూశాడు. "గొయ్యి బళ్లో ఉంది. గడ్డి బళ్లో ఉంది. ఊరి రోకళ్లన్నీ బళ్లో ఉన్నయి. ఇక జొన్నలెక్కడున్నయో చెబితే నా పని అయిపోద్ది."

"పోల్ వాల్టండీ" అన్నాడు జక్కయ్య, ఏడవలేక.

"అట్టాగా? అయితే ఎగిరి చూపించు. పిల్లలు గాదు, నువ్వు. ఎగిరితే నీది నిజం. లేకపోతే నరసరావుపేట కచేరీకి పద."

జక్కయ్య వెదురు అందుకుని వసారా వైపు నడిచాడు.

"అటు నించొద్దు!" అని ఇశ్రాయేలు గారు కేక పెట్టారు. "ఇటు నించి పరిగెత్తు జక్కయ్యా, ఇటు చానా బాగుంటది."

"ఇటైతే ఎండ కళ్లల్లో పడుద్ది అయ్యగారూ" అన్నాడు జక్కయ్య. ఉద్యోగం పీకే మనిషి తన కాళ్ల మీద ఇంత శ్రద్ధ చూపిస్తున్నందుకు అంత భయంలోనూ అతనికి కళ్లు చెమర్చాయి.

వసారా నుంచి పరుగెత్తాడు. గొయ్యికి కాస్త ఇవతల, ఫరీదు మంచిది కాదన్న నేల మీద, ఒంట్లో బలమంతా పెట్టి వెదురు గుచ్చాడు. మద్రాసులో చూసినట్టే పైకి లేచాడు. లేచి అక్కడే ఆగిపోయాడు. వెదురు మట్టిని చీల్చుకుని, కింద గడ్డిని చీల్చుకుని, నిటారుగా దిగబడిపోయింది. దిగడం ఎలాగో చూడని మనిషి గనక, జక్కయ్య దాన్ని కావిలించుకుని, పైనుంచి ఊరందరినీ ఒకసారి చూసి, మెల్లగా జారుకుంటూ వచ్చాడు.

నలుగురూ కలిసి వెదురు పీకారు. తొర్రగా ఉన్న దాని కొసలోంచి తెల్లటి జొన్నలు జలజలా రాలాయి. సాహెబు ఒక గింజ కొరికి చూశాడు. "పాతరలు వెతకటానికి మా కచేరీలో ఇంత మంచి సామాను లేదయ్యా" అన్నాడు. ఆ మాటలో నిజమైన మెచ్చుకోలు ఉంది. తర్వాత ఫరీదు వైపు చూశాడు. ఫరీదు ఇశ్రాయేలు గారి వైపు చూశాడు.

ఇశ్రాయేలు గారు గొంతు సవరించుకున్నారు. "ఐగుప్తులో యోసేపు కరువుకని ధాన్యం దాచలేదా సాహెబుగారూ?"

"యూసుఫ్ కథ మాకూ ఉంది. ఆయన సర్కారు కోసం దాచాడు. సర్కారు కంటబడకుండా దాచలా" అన్నాడు సాహెబు. సాయంత్రానికి జొన్నలన్నీ బండ్లెక్కాయి. ఆ సందట్లో మార్తమ్మ తన మూటను మళ్లీ నెత్తికెత్తుకుని ఇంటికి పోయింది.

గుంటూరులో జక్కయ్య లెక్క తప్పలేదు. పోల్ వాల్టుకు నిజంగానే మరెవరూ పేరివ్వలేదు. ఒక్క కుర్రాడే ఉన్నాడని పోటీలు పెట్టినవాళ్లు ఆ పోటీయే తీసేశారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన జక్కయ్య కమిటీ ముందు తలొంచుకుని నిలబడ్డాడు. ఇంట్లో మణెమ్మ అప్పటికే సామాను మూట కట్టింది.

ఇశ్రాయేలు గారు లేచి, జక్కయ్యను పర్మనెంటు చెయ్యాలని తామే ప్రతిపాదించారు. ఎదురు చెప్పినవాడు లేడు. "ఒక్కటే షరతు జక్కయ్యా. బడి జాగాలో నీ ఇష్టం. చర్చి వెనక జాగాలోకి మాత్రం ఆ వెదురు తీసకపోమాక" అన్నారు.

"ఆడ గూడా నేల మంచిది గాదా అయ్యగారూ?" అన్నాడు జక్కయ్య.