బొమ్మ బాగుంది గానీ సిగ్నలే పడలేదు

ఆ ఆదివారం ఉదయం ఆకాశం మబ్బు రంగులో ఉందో, నిమ్‌పురా ఇంజన్ల షెడ్డు పొగ రంగులో ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పే తీరికా లేదు. తెలుగు బొమ్మ వచ్చింది! ఖరగ్‌పూర్‌లో మనకు దొరికేది ఆదివారం మార్నింగ్ షో ఒక్కటే. మా రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీ అంతా హాలు ముందే ఉంది.

అయ్యా, సినిమాని నోరు మూసుకుని చూసేవాళ్లంత అమాయకులు లోకంలో లేరు. నేను మాటలు తక్కువ మనిషిని, పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. అందుకే చెబుతున్నాను, నమ్మండి. హాల్లో పక్కవాడు వాగుతూ ఉండటం మహాభాగ్యం. టిక్కెట్టు ఒక్కటే, బొమ్మలు రెండు!

కథ చిన్నదే. హీరో ఒక పల్లె స్టేషనులో అసిస్టెంటు మాస్టరు. మిల్లు యజమాని కూతురు టిక్కెట్టు లేకుండా దిగి అతనికి చిక్కుతుంది. ముందు తిడుతుంది, తరవాత ప్రేమిస్తుంది. ఆంధ్రదేశమంతా పగలబడి నవ్విందట. మా బావ గణపతిరావు నవ్వలేదు. గూడ్సు గార్డు ఊరికే నవ్వుతాడా?

"ఒరే బామ్మర్దీ, సూసినావా? ఎర్రజెండా, పచ్చజెండా ఒక్క సేత్తోనే ఒట్టుకున్నాడు! ఈడి మొకానికి పేమొకటి!"

నటన అంటే ఏమిటో నాకు అప్పుడు బోధపడింది. కన్నీళ్లు ఎవరైనా పెట్టుకుంటారు. జెండా పట్టుకోవద్దూ? హీరో డ్యూయెట్ పాడుతూ పట్టాల మధ్య పరుగెత్తితే హాలంతా ఒక్కసారే, "లైన్ క్లియర్ ఉందేటి?" అని అరిచింది. ఇంత శ్రద్ధగా చూసే ప్రేక్షకులు మదరాసులో ఉన్నారా?

మా అప్ప చిలకమ్మ మాత్రం ఈ విద్యలో వెనకబడింది. విజయనగరం నుంచి వచ్చి వెళ్లిన రత్నం పిన్ని ఆమె చెవిలో ఒక పురుగు వేసింది. చివర్లో హీరో బదిలీ అయి వెళ్లిపోతుంటే, హీరోయిన్ రైలుపెట్టె కిటికీ పట్టుకుని ఒక్క మాట అంటుందట. అది విని ఆడవాళ్లంతా ఏడ్చారట. ఏమంటుందని అప్ప అడిగితే, "నువ్వే ఇనుకోవే" అని, ఆ మాట చెప్పకుండానే పిన్ని రైలెక్కేసింది.

"ఎల్లిపోతన్న మగోడితో ఆడది ఏటంటదో ఇనాల, తమ్ముడూ," అంది అప్ప. ఆ ఒక్క మాట కోసమే వచ్చింది. ఆ ఒక్క ఆటతో బొమ్మ వెళ్లిపోతుంది కూడా.

చివరి సీను రానే వచ్చింది. హీరో పెట్టెలో ఉన్నాడు. ఆ పిల్ల ప్లాట్‌ఫారం మీద పరుగెత్తింది. కిటికీ పట్టుకుంది. నోరు తెరిచింది.

"సిగ్నల్ పళ్లేదు!" అని లేచాడు బావ.

"సిగ్నల్ పడకుండా బండెలా కదిల్నాదిరా!" అన్నాడు వెనకనుంచి షంటర్ సూసన్న. "ఎవుడ్రా ఆ డ్రైవరు? సార్జిషీటియ్యండి!"

పక్కనున్న బెంగాలీ దాదా ఏమైందో తెలియక కంగారుగా, "కీ హొలో?" అన్నాడు.

"సిగ్నల్ డౌన్ నహీ, దాదా! గాడీ ఛేడే దిలో!" అని బావ తనకొచ్చిన భాషలో, సిగ్నల్ పడకుండానే బండి వదిలేశారని చెప్పాడు.

దాదా కూడా లేచాడు. హాలంతా లేచింది. ఆ గోలలో ఆ పిల్ల పెదవులు మాత్రం కదిలాయి. తెర మీద శుభం పడింది.

నేనా? నేను మా అప్ప ముఖం చూస్తున్నాను.

దారంతా ఆమె ఒక్కటే అడిగింది. "ఆ పిల్ల ఏటన్నదర్రా?"

"ఏటంటేనేటి, వదినా?" అన్నాడు సూసన్న. "కదిలిపోయిన బండితో ఏటన్నా ఒకటే!"

నిజమే కదా! హీరోయిన్ మాటదేముంది? ఎవరో రాసిస్తే ఏదైనా అంటుంది. సిగ్నల్ అబద్ధమాడుతుందా?

ఇంటికి చేరేసరికి డ్యూటీకి పిలిచే కాల్‌మేన్ గుమ్మంలో ఉన్నాడు. బావకి మధ్యాహ్నం గూడ్సుకి డ్యూటీ. బావ జెండాలూ లాంతరూ పెట్టుకునే లైన్‌బాక్సు బయటికి వచ్చింది.

అయ్యా, మా కాలనీలో ప్రతి గుమ్మమూ ప్లాట్‌ఫారమే. రోజూ ఎవరో ఒకరు వెళుతూనే ఉంటారు. జెండా ఏ చేత్తో పట్టుకోవాలో మా మగవాళ్లకి రూల్‌బుక్కు చెబుతుంది. వెళ్లే మనిషితో ఏమనాలో ఆడవాళ్లకి ఏ బుక్కూ చెప్పదు. ఒక్క బొమ్మ చెప్పబోయింది. దాని తప్పులు పట్టి దాని నోరు నొక్కేశాం. ఎంత తెలివైనవాళ్లమో చూశారా!

అప్ప అన్నం పెట్టింది, చేపల పులుసు పోసింది. తనూ పళ్లెం ముందేసుకుంది. బావ ఒకసారి తలెత్తి ఆమె వైపు చూశాడు. అప్ప పెదవులు కదిలాయి. తరవాత ఇంకో చేప ముక్క తీసి అతని పళ్లెంలో వేసింది. ముగ్గురం తలలు దించుకుని తిన్నాం.