ప్లాన్ ఉండగా కొండెందుకు?

కొండకు వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు జాలి. వెళ్ళడానికి ప్లాన్ వేసేవాళ్ళను చూస్తే గౌరవం!

కినబాలు కొండ కింద పుట్టి, క్యాబేజీ పండించుకుంటూ తల నెరుస్తున్నవాణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఇన్నేళ్ళూ మేమెంత మోటుగా బతికామో మా ఊరి పక్కన రిసార్ట్ వెలిశాకే తెలిసొచ్చింది. అంతకుముందు ఏం చేసేవాళ్ళం? తెల్లారేది. కొండ కనబడేది. బుట్ట వీపుకు తగిలించుకుని నడిచి వెళ్ళేవాళ్ళం. అదీ ఒక వెళ్ళడమేనా?

రిసార్ట్‌లో పద్ధతే వేరు. అక్కడ ప్లానింగ్ డెస్క్ అని ఒకటుంది. వెనక గోడ నిండా కొండ ఫోటో, ముందు మెత్తటి సోఫాలు. నేషనల్ పార్కులోకి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడం ఎలాగో తేల్చుకోవడానికి జనం అక్కడే రోజుల తరబడి కూర్చుంటారు. వేడినీటి గుంటలు ముందా, చెట్ల మీది వంతెన ముందా? అడవిలో అరుదుగా పూసే ఆ గంపంత పువ్వు పూసిందా, పూయబోతోందా, పూసి వాడిపోయిందా? వాడిపోతే చూడాలా, వద్దా?

కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం వాన వస్తే ఒక ప్లాన్, రాకపోతే ఒక ప్లాన్, వచ్చేలా ఉండి రాకపోతే ఇంకో ప్లాన్ వేసుకుని, అన్నిటినీ లామినేషన్ చేయించింది. తీరా అంత చక్కటి ప్లాన్లను బురదలోకి తీసుకెళ్ళడానికి మనసొప్పక గదిలోనే ఉండిపోయారు. తిరిగి వెళ్ళేటప్పుడు వాళ్ళ ముఖాల్లో ఎంత కళ! సింగపూర్ దంపతుల కథ ఇంకా గొప్పది. ఆయనకు జలపాతం కావాలి, ఆమెకు సంత కావాలి. చివరికి రెండూ మానేశాకే కాపురం కుదుటపడింది.

ఆలోచించండి. ప్లాన్‌లో జలగలుంటాయా? ప్లాన్‌లో మోకాళ్ళు నొప్పి పుడతాయా? ప్లాన్‌లో ఎవరైనా జారిపడ్డారా?

కొండ కూడా తన వంతు సాయం చేస్తుంది. తెల్లవారుజామున తోమిన గిన్నెలా తళతళలాడుతుంది. అతిథులు టిఫిన్ ముగించి, టోపీలు వెతుక్కుని, ఫోన్లు చార్జింగ్ పెట్టుకునే వేళకు మబ్బు కప్పుకుని ముసుగుతన్నేస్తుంది. ఇక వెళ్ళి లాభం లేదు కాబట్టి అందరూ హాయిగా రేపటి ప్లాన్‌కు కూర్చుంటారు.

ఈ భాగ్యం మా అమ్మమ్మ రుమిహిన్‌కు కూడా దక్కింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా దుసున్ తెగలో పోయినవాళ్ళు ఆ కొండ మీదికే చేరతారు. మా తాతయ్య కూడా అక్కడే ఉన్నాడు. వరికోతలయ్యాక ఏటా ఒక పొద్దున, కొండ తేటగా కనబడుతున్నప్పుడు, అమ్మమ్మ వాగు ఎగువనున్న రాయి దగ్గరికి వెళ్తుంది. తాంబూలం, ఉడికించిన గుడ్డు, చిటికెడు పొగాకు పెట్టి, ఇంటి సంగతులన్నీ ఆయనకు చెప్పి వస్తుంది. ఆ దారి ఇప్పుడు రిసార్ట్ స్థలంలో కలిసిపోయింది. కంచె వేశారు, గేటు పెట్టారు. గేటు కిర్రుమంటే అతిథుల నిద్ర చెడుతుందని పొద్దున్నే తెరవరు.

మేనేజర్ ఫైరూజ్ మర్యాదస్తుడు. "మా డే ట్రిప్‌లో రండి అమ్మమ్మగారూ, ఆ రాయి దగ్గర దింపుతాం, మీరు మా అతిథి" అన్నాడు.

ఇంకా మసక చీకటి ఉండగానే వెళ్ళి సోఫాలో కూర్చున్నాం. డెస్క్ దగ్గరున్న జొవీనా మా ఊరి పిల్లే. నిమ్మగడ్డి కషాయం తెచ్చిపెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. మా వైపు ఎవరైనా పెట్టినదాన్ని నోట పెట్టకుండా కదిలితే దారిలో కీడు కాచుకుని ఉంటుంది. దాన్నే కొపొహునన్ అంటాం. పామో, రాయో, ఏదో ఒకటి తప్పదు. వేలితో తాకినా చాలంటారు కొందరు. మా అమ్మమ్మ ఆ కొందరిలో లేదు.

కషాయం అయింది. జొవీనా డబ్బా మూత తీసింది. "మా అమ్మ పింజరం అట్లు చేసింది అమ్మమ్మా, ఒక్కటి."

"ఇప్పుడెందుకే? పొద్దెక్కుతోంది."

"కొండకు పోయేవాళ్ళకు పెట్టకుండా పంపిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

"పెట్టేశావుగా, ఇక తినక చస్తానా" అంటూ అమ్మమ్మ ఉన్న నాలుగు పళ్ళతో మొదలుపెట్టింది.

ఈలోగా వ్యాన్ డ్రైవర్ గిలోంగ్ ఫ్లాస్కుతో వచ్చాడు. వాడూ మావాడే.

"నువ్వు కూడానా ఒరే?"

"ఇంటి కాఫీ అమ్మమ్మా. దారిలో నీకేమన్నా అయితే ఊళ్ళో నన్నే అంటారు."

వంటింట్లోంచి ఒకడు చిలగడదుంపలు తెచ్చాడు. తోటమాలి అరటిపండు తెచ్చాడు. పెట్టకుండా పంపడం వాళ్ళ వల్ల కాదు, తినకుండా లేవడం ఈమె వల్ల కాదు. కీడు రాకూడదని అందరూ ఒకే జాగ్రత్త పడ్డారు. ఆఖరి ముద్ద మింగి లేచేసరికి కిటికీలో కొండ లేదు.

"మబ్బు పట్టింది, ట్రిప్ రద్దు" అన్నాడు ఫైరూజ్ బాధగా. "భోజనం చేసి వెళ్ళండి."

అదీ పెట్టారు కాబట్టి అదీ తింది.

తిన్నాక చెయ్యి కడుక్కుని, బుట్టలోంచి తాంబూలం, గుడ్డు, పొగాకు తీసి గోడ మీది ఫోటో కింద పెట్టింది. ఫైరూజ్ ముఖం వెలిగిపోయింది.

"ఎంత బాగుంది! రోజూ టిఫిన్ అయ్యాక వచ్చి ఇలాగే పెట్టండి అమ్మమ్మగారూ. ప్లాన్‌లో చేర్చేస్తాను. అతిథులు చూస్తారు."

అమ్మమ్మ ఫోటోను ఒకసారి తడిమి చూసింది. "అతిథులు చూస్తారు సరే బాబూ. ఆ వేళకు కొండకు మబ్బు పట్టేస్తుంది. మా ఆయన నన్ను చూడొద్దూ?"

ఫైరూజ్ గారూ, మీ ప్లాన్లకు నాకంటే పెద్ద అభిమాని లేడు. ఒక్క చిన్న సవరణ మాత్రం కోరుతున్నాను. రేపు తెల్లవారుజామున ఆ గేటు కాస్త తీసి ఉంచండి. పూర్తిగా అక్కర్లేదు, ఆమె సన్నటి మనిషి, బుట్ట కూడా చిన్నదే. కిర్రుమనకుండా నూనె నేనే తెచ్చి పోస్తాను. కాపలాకు మా ఊరి పిల్లల్ని పెట్టినా ఫరవాలేదు. వాళ్ళ చేతిలో తినేది మాత్రం ఏదీ లేకుండా చూడండి.