కొమ్ము పోయిన పురుగు

ఆ ఆదివారానికి ప్రూఫు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే, ఉదయం ఆరింటికి, అపార్ట్‌మెంటు వెనక తోటలోకి ఓ ఇరవై మందిని తీసుకెళ్ళాలి. కాలి చప్పుడు కాకుండా నడిపించి, చివరి మూల పొదల్లో కాపురముంటున్న నలభై రకాల పురుగుల్ని చూపించాలి. ఆ మూలను అలాగే ఉంచమని ఇరవై సంతకాలు తీసుకోవాలి. ఏడింటికల్లా ఇంటికొచ్చి రెండో కాఫీ తాగాలి.

సంతకాలు ఇరవైకి ఒక్కటి తగ్గినా సోమవారం ఆ మూలకు సిమెంటే. అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడికి టైర్ల దుకాణం ఉంది. కారు ఆగని జాగా ఆయన కంటికి జాగాలా ఆనదు. "ఆ చెత్తలో చూడ్డానికేముందో ఇరవై మందికి చూపించండి మాస్టారూ. వాళ్ళు ఉంచమంటే ఉంచేస్తా. లేదంటే సోమవారం మేస్త్రీ దిగుతాడు" అని మీటింగులో అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. రిటైరైన ఈ నాలుగేళ్ళలో పొద్దున్నే వెళ్ళడానికి ఆయనకంటూ మిగిలింది ఆ మూల ఒక్కటే.

మాస్టారంటే ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. ఒక ప్రెస్సులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దినవాడు. కొమ్ములు దిద్ది దిద్ది కొమ్ములు తిరిగినవాడు. తన నెత్తిన తలకట్టు ఎప్పుడో ఊడిపోయినా, అక్షరం నెత్తిన తలకట్టు లేకపోతే ఊరుకునేవారు కాదు. రోజంతా ఒత్తులతో ఒత్తిడి పడి ఇంటికొచ్చినా, ఇంటావిడ రాసిచ్చిన సరుకుల చీటీని ముందు ఎర్రసిరాతో దిద్ది, తరవాత సరుకులు మాత్రం పొల్లు పోకుండా తెచ్చేవారు. రిటైరయ్యాక దిద్దడానికి అక్షరాలు కరువై ఆ కళ్ళు పురుగుల మీద పడ్డాయి. అవీ అక్షరాల్లాంటివే. చిన్నవి, నల్లవి, వరసలో నడిచేవి, ఎవరూ సరిగ్గా చూడనివి. ఓ రిజిస్టరు కొని కనిపించినదాన్నల్లా నంబరు వేసి రాసుకున్నారు. నలభయ్యోది పోయిన వారమే ఎరువుగుట్టలో దొరికింది. కొమ్ముపురుగు. "ఇన్నేళ్ళు కొమ్ములు చూశాను గానీ, నడిచే కొమ్ము ఇదేనోయ్" అని ఆవిడతో చెప్పి మురిసిపోయారు. కాఫీ చల్లారుతోందని ఆవిడ చెప్పింది.

నోటీసు కూడా ఆయనే రాశారు. "ఈ ఎండాకాలం మన తోటలో పురుగులు. ఆదివారం ఉదయం ఆరింటికి. అన్ని వయసులవారూ రావచ్చు. గట్టి బూట్లు తప్పనిసరి. నీళ్ళసీసా తెచ్చుకోవలెను. అందరికన్నా ముందు వచ్చినవారికి బహుమతి." అంతే. ఒక మాట రెండోసారి రాయడం ఆయనకు గిట్టదు కాబట్టి పురుగులు ఒక్కచోటే వచ్చాయి.

దాన్ని వీధి చివర జిరాక్సు షాపు పెట్టుకున్న బావమరిది టైపు చేసి ప్రూఫు పంపాడు. మాస్టారు గురువారం మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుని చదివారు. "సరిగా ఉన్నది" అని సంతకం పెట్టి, అచ్చు వేసేయమని ఫోనులో చెప్పి, ప్రూఫు కాగితాన్ని రిజిస్టరులో పెట్టి మూసేశారు. సాయంత్రానికి బావమరిది అరవై కాపీలు తీసి ప్రతి తలుపు కిందా తోసేశాడు, ఒక్క బావగారి తలుపు తప్ప. రాసినాయనకు మళ్ళీ నోటీసెందుకని.

ఆదివారం ఆరింటికి మాస్టారు భూతద్దం, రిజిస్టరు పట్టుకుని, మునివేళ్ళ మీద మెట్లు దిగారు. తోటలో ఇరవై మంది లేరు. డెబ్భై మందికి పైగా ఉన్నారు. సగం మంది నిక్కర్లలో ఉన్నారు. కొందరు ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని వెనక్కి లాగుతున్నారు. మధ్యలో నాలుగో అంతస్తు డ్రిల్లు టీచరు మెడలో విజిలు వేసుకుని నేల మీద ముగ్గుపిండితో అడ్డగీత గీస్తున్నాడు.

పురుగుల మీద జనానికి ఇంత ప్రేమ ఉందని తెలియక ఇన్నాళ్ళూ అనుమానించినందుకు మాస్టారు లోలోపల సిగ్గుపడ్డారు.

"మంచి పని పెట్టారు మాస్టారూ" అన్నాడు డ్రిల్లు టీచరు. "ఎన్ని రకాలు పెడుతున్నారు?"

"నలభై."

టీచరు చేతిలోంచి ముగ్గుపిండి జారింది. "నా సర్వీసంతా కలిపి నాకు తెలిసినవి నాలుగండీ. వంద, రెండొందలు, నాలుగొందలు, రిలే."

"మీరు వంగి చూసుండరు. కొన్ని పాకుతాయి, కొన్ని గెంతుతాయి. కొన్ని ఎగురుతాయి కూడాను."

"పాకేది చంటిపిల్లలకి పెడదాం. గెంతేదానికి గోనెసంచులు కావాలి. ఎగిరేది మాత్రం నా మోకాలితో నావల్ల కాదు, ముందే చెబుతున్నా."

"మీరెగరక్కర్లేదండీ. కదలకుండా నిలబడండి, వాటంతటవే వస్తాయి."

"నిలబడితే వచ్చే పరుగేమిటి మాస్టారూ?"

"పరుగేమిటి?" అన్నారు మాస్టారు.

టీచరు జేబులోంచి నోటీసు తీసి చూపించాడు. "ఈ ఎండాకాలం మన తోటలో పరుగులు." ప పక్కన కొమ్ము లేదు. కొమ్ము పోయిన ఆ పురుగు పరుగందుకుంది. గట్టి బూట్లు, నీళ్ళసీసా, ముందు వచ్చినవారికి బహుమతి, ఇలా నోటీసులో మిగతా ప్రతి మాటా ఆ ఒక్క తప్పుకూ కొమ్ము కాస్తోంది. అంత కోపం మాస్టారికి నలభై ఏళ్ళ సర్వీసులో ఒక్కనాడూ రాలేదు. అదంతా బావమరిది మీదకు మళ్ళించి, ముందు జనం వైపు తిరిగి చేతులెత్తారు.

"ఇది పరుగు కాదు, పురుగు. దయచేసి ఎవరూ పరిగెత్తకండి."

వెనక వరసకు చేరేసరికి మధ్యలో క ఎగిరిపోయి "పరిగెత్తండి" అనే వినిపించింది. ఓ పదిమంది గీత దాటేశారు. టీచరు వాళ్ళను వెనక్కి పిలవడానికి విజిలు ఊదాడు. విజిలు ఊదితే మిగతావాళ్ళు ఏం చేస్తారో, పాతికేళ్ళు విజిళ్ళు ఊదిన ఆయనకు ఆ క్షణంలో తట్టలేదు.

అధ్యక్షుడు అప్పుడే దిగాడు. జనాన్ని చూసి ఆయన మొహం కొత్త టైరులా నిగనిగలాడింది. వెంట సోమవారం పనికి కొలతలు తీసుకోవడానికొచ్చిన మేస్త్రీ ఉన్నాడు. "భేషుగ్గా ఉంది మాస్టారూ. ఇంత ఉత్సాహం ఉందని తెలిస్తే కార్ల ఊసే ఎత్తేవాణ్ణి కాదు. ఆ మూలంతా చదును చేయించి సిమెంటుతో పరుగుదారి వేయించేస్తా. రేపే." అంటూ మేస్త్రీని వెంటబెట్టుకుని నేరుగా పొదల్లోకే నడిచాడు. పరుగు బృందం కూడా చుట్టు తిరిగి అటే వస్తోంది. వద్దని మాస్టారు అరిచారు. అక్కడ రిజిస్టరులో పదిహేడోది ఉంది. విరిగిన ప్లాస్టిక్కు కుర్చీ అడుగున గూడు కట్టుకున్న కందిరీగలు.

మేస్త్రీ టేపు పట్టడానికి అడ్డుగా ఉందని అధ్యక్షుడు ఆ కుర్చీని కాలితో పక్కకు తన్నాడు.

ఆ తరవాత నోటీసులో ఉన్నదీ ఉండాల్సిందీ రెండూ ఒకేసారి జరిగాయి. పురుగులే పరుగులు పెట్టించాయి. మోకాలి టీచరు నీళ్ళతొట్టి మీంచి ఎగిరి అవతల పడ్డాడు. మేస్త్రీ టేపు ఒక చివర తన చేతిలో, రెండో చివర జామకొమ్మకు చిక్కుకుని ఉండగా, గేటు దాకా ఉన్న దూరం మొత్తం కొలిచేశాడు. అధ్యక్షుడికి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. కందిరీగకు కూడా ఆ సంగతి ఎవరో చెప్పినట్టుంది. ఆయన పంపుగదిలో దూరి తలుపు వేసుకున్నాడు.

మాస్టారు ఒక్కరే పొదల పక్కన కదలకుండా నిలబడ్డారు. కందిరీగలు ఆయన బట్టతల మీద రెండు చుట్లు తిరిగి, అక్కడ దిద్దాల్సిందేమీ లేదని వెళ్ళిపోయాయి. ఓ పావుగంటకు అన్నీ గూటికి సర్దుకున్నాయి. జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

పంపుగది కిటికీ కొద్దిగా తెరుచుకుంది. "మందు కొట్టించెయ్యండి మాస్టారూ" అంది లోపలి ముక్కు.

"నేను కొట్టను. వాటిని తన్నకపోతే అవి మన జోలికి రావు, మీరే చూశారుగా. కొట్టాలనుకున్నవాళ్ళు వెళ్ళి కొట్టొచ్చు. మందుడబ్బా షెడ్డులో ఉంది."

తోటలో చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం. చీమ రిజిస్టరులో రెండోది. గేటు అవతల నుంచి మేస్త్రీ, తను వేరే పని ఒప్పుకున్నానని, ఆ మూలలో ఇటుక కాదు గదా ఇసుక కూడా దించనని చెప్పాడు. మాస్టారు సంతకాల కాగితం తీశారు. ఆ మూలను ఎవరూ ముట్టుకోకూడదని అరవై ఎనిమిది మంది వాచిన చేతులతో సంతకాలు పెట్టారు. అధ్యక్షుడు కిటికీలోంచే పెట్టాడు. వాళ్ళలో ఒక్కరు కూడా కొమ్ముపురుగు ఏదని అడగలేదు. గెలిచినందుకు సంతోషించాలో, చూపించాల్సిన ముప్పై తొమ్మిదీ చూపించకుండానే గెలిచినందుకు ఏడవాలో మాస్టారికి తెలియలేదు. కోపగించుకోవడమే నయమనిపించి మెట్లెక్కారు.

ఇంట్లో బావమరిది కాఫీ తాగుతున్నాడు. మాస్టారు కూర్చోకుండానే మొదలుపెట్టారు. అక్షరానికి కొమ్ము ఎందుకుంటుందో చెప్పారు, అది తీసేసిన చేతికి ఏ గతి పడుతుందో చెప్పారు, జిరాక్సు షాపు మూసి పంక్చర్ల షాపు పెట్టుకొమ్మన్నారు.

"నాకేమన్నా కొమ్ములు మొలిచాయా బావగారూ, మీరు సరే అన్నదాన్ని దిద్దడానికి?" అన్నాడు బావమరిది. "ప్రూఫు చదివింది మీరు. సంతకం మీది. ఆ కాగితం తీయండి."

"తీస్తానోయ్. నా కళ్ళు దాటి కొమ్ము పోదు." మాస్టారు రిజిస్టరు తెరిచి ప్రూఫు బల్ల మీద పరిచారు. "పురుగులు" అనే ఉంది. ప పక్కన నల్లగా, వంకరగా కొమ్ము ఉంది. "చూడు. కళ్ళు పెట్టుకుని చూడు."

బావమరిది కాగితాన్ని చూసి, కప్పు కింద పెట్టి, మళ్ళీ చూశాడు. అక్క వైపు చూశాడు. ఆవిడ తమ్ముడి మొహం చూసి జాలిపడి, భర్త చేతిలోంచి భూతద్దం అందుకుని కాగితం మీదకు వంగింది. చాలాసేపు చూసింది.

"ఏమండీ" అంది. "ఈ కొమ్ముకి కాళ్ళున్నాయి."

మాస్టారు భూతద్దం లాక్కుని చూశారు. ఆరు కాళ్ళు. గురువారం బాల్కనీలో కాగితం మీద వాలి, ప పక్కన కూర్చుని, రిజిస్టరు మూతపడగానే అక్కడే అతుక్కుపోయిన నలుసంత నల్ల పురుగు. తన కొమ్ము తనే అయి, తన పేరును తనే దిద్దుకుని పోయింది. బావమరిది కాఫీ కప్పును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ రెండో కాఫీ తేవడానికి లేచింది.

మాస్టారు ఎర్రసిరా పెన్ను తీసి రిజిస్టరులో రాసుకున్నారు: నలభై ఒకటి. పేరు తెలియదు. దొరికిన చోటు: ప పక్కన.