బట్ట మీది కిటికీ

పాత ఇళ్ళకు మరమ్మతులు చేయించండి మహాప్రభో అని గోలపెట్టే వాళ్ళంతా ఊరికి శత్రువులు! ఈ మాట అంటున్నది ఎవరో కాదు, కారే పైకప్పు కింద బకెట్టు పెట్టుకుని కూర్చున్న నేను.

ఇంటికి మరమ్మతెందుకండీ? బట్ట చాలదూ?

మా బెల్యాగిన్‌లో ఇప్పుడదే పద్ధతి. వోల్గా నదిలో పడవ దిగి యాత్రికులు నడిచే వీధిలో ఏ చెక్క ఇల్లు ఒరిగిపోతోందో అధికారులు చూస్తారు. దాని ముందు గోడంతా కప్పేస్తూ పెద్ద ప్రింటు బట్ట బిగిస్తారు. బట్ట మీద అదే ఇల్లు, సరికొత్తగా! నగిషీ చెక్కిన కిటికీలు, తెల్లటి పరదాలు, ఎర్రపూల కుండీలు, కుండీల మధ్య బొద్దుగా ఓ పిల్లి. మొన్న మంచు కరుగుతుండగా మా ఇంటికీ ఆ భాగ్యం పట్టింది. పైన పటారం, లోన లొటారం అని వెక్కిరించే వాళ్ళున్నారు. అయ్యా, ఇన్నాళ్ళూ మాకు పటారం కూడా లేదు కదా!

మాది అల్లాటప్పా ఇల్లు కాదు. ఎండుచేపల వ్యాపారి ఎవరో కట్టించిన రక్షిత కట్టడం. ఒక మహారాణి దారిలో ఆగి ఇక్కడ టీ తాగిందని గైడ్ ఎల్విరా మైకులో చెబుతుంది. ఆ మహారాణి టీ తాగని ఇల్లు మా వీధిలో లేదు. అన్ని టీలు తాగి, బండెక్కి, రాజధాని దాకా ఎలా ఆపుకుందో చరిత్రకారులే తేల్చాలి! రక్షిత కట్టడం కాబట్టి మేము మేకు కొట్టాలన్నా పైనుంచి అనుమతి రావాలి. కూలడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బట్ట వచ్చాక ఎన్ని లాభాలు! సామాన్లు ఎండకు వెలిసిపోవు. అద్దాలు తుడిచే పని తప్పింది. వాన పడుతోందా అని బయటికి చూడక్కర్లేదు, మంచం మీద పడితే అదే తెలుస్తుంది. కొత్త పెళ్ళిజంటలు మా ఇంటి ముందు ఫోటోలు దిగుతున్నారు. బట్ట లేనప్పుడు ఈ గోడ పక్కన నిలబడే ధైర్యం ఎవరికుండేది?

ఇంత సుఖంలో ఒక్క ప్రాణికి ఊపిరాడలేదు. కింది వాటాలో కాపా అవ్వ. నా బకెట్టు పొంగితే మిగతాది చేరేది ఆవిడ ఇంటికే. ఏటా బయట మంచుండగానే పాల డబ్బాలు కోసి, మట్టి నింపి, కిటికీలో టమాటా నారు పోస్తుంది. ఎండలు ముదిరాక ఊరి బయట తన తోట ముక్కలో నాటుతుంది. ఆ కాయలు ఉప్పునీళ్ళలో ఊరేసి సీసాలకు పడితే ఆవిడకు చలికాలం గడుస్తుంది. నా ఉడకేసిన బంగాళాదుంపలకూ అవే దిక్కు. బట్ట పడ్డాక నారు పాలిపోయింది. వెలుగు కోసం సాగి సాగి తలలు వేలాడేసింది.

"పద కేషా," అని అవ్వ నన్ను సాంస్కృతిక శాఖకు లాక్కుపోయింది.

అధికారి సవేల్యెవ్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"నా కిటికీ కప్పేశారు నాయనా. మొక్కలు చస్తున్నాయి."

"కప్పేయడమేమిటవ్వా? కిటికీ ఉందిగా! బయట్నుంచి చూడు, ఎంత ముచ్చటగా ఉందో!"

"నేను లోపలుంటానురా!"

"అదే నీతో వచ్చిన చిక్కు," అన్నాడు సవేల్యెవ్, ఎంతో జాలిగా.

ఇంటికొచ్చి అవ్వ కత్తెర తీసింది. తన కిటికీ మేరకు బట్టను, పిల్లితో సహా, కత్తిరించి పారేసింది. గదిలోకి ఎండ పడింది. వారం తిరక్కుండా నారు తలెత్తింది. అబద్ధమెందుకు, నాకూ ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఆ ఏటి మొదటి యాత్రికుల పడవ వచ్చింది. ప్రింటు పూలకుండీల మధ్య నిజం పాల డబ్బాలు, వాటి వెనక ముడతల మొహం! "ఈవిడ కూడా ప్రింటేనా?" అని ఒకాయన ఎల్విరాను అడిగాడు.

"ప్రింటు నీ తాతరా!" అంది కాపా అవ్వ.

చప్పట్లే చప్పట్లు! ఆ రోజు మహారాణి టీ ఎవరికీ పట్టలేదు. ఏ రకం టమాటా, ఎప్పుడు నాటుతావు అని అందరూ అవ్వనే అడిగారు. అవ్వ ఉత్సాహంలో పైకప్పు సంగతి కూడా చెప్పేసింది. అక్కడే కొంప మునిగింది.

మర్నాడే సవేల్యెవ్ మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. బట్టకు పడ్డ చిల్లు వల్ల ఇంటి చారిత్రక రూపం చెడిందట! "జనానికి నువ్వు నచ్చావవ్వా. నిన్ను తీసెయ్యంలే," అని ఆవిడ ఫోటో తీసుకుపోయాడు. నాలుగు రోజుల్లో చిల్లుకు మాసిక పడింది. మాసిక మీద కాపా అవ్వే! పూల శాలువా, చేతిలో పండు టమాటా, నోటినిండా పళ్ళు. అసలు అవ్వకు ముందరి పళ్ళే లేవు. అభివృద్ధి అంటే అది!

మాసిక వెనక నారు ఒక్కొక్క మొక్కే చచ్చిపోయింది. ఈ ఏటికి సీసాలు ఖాళీ.

నిన్న కిందికి వెళ్తే అవ్వ పట్టపగలు దీపం వేసుకుని, మంచం మీద గిన్నె పెట్టి నీళ్ళు పడుతోంది. బయట ఎల్విరా మైకు, జనం కేరింతలు.

"ఒరే కేషా, నేనింకా నవ్వుతూనే ఉన్నానా?"

"ఉన్నావవ్వా."

"అయితే పైకప్పు కారుతోందని ఆ బట్ట మీదిదాన్ని చెప్పమనరా. అది చెబితే వింటారేమో."

వెళ్ళి చెప్పాను. అది నవ్వుతూనే ఉంది.

కనుక అధికారులకు నాదొక్కటే మనవి. పై కిటికీలో నన్ను కూడా ప్రింటు చేయించండి. బకెట్టు వెయ్యక్కర్లేదు. బట్ట మీది ఇల్లు కారదు.