పది గంటల టోర్నడో

సైన్సు మాస్టారు ఆ ఉదయం టై మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పారు. పదింటికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఆయన పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, నచ్చకపోతే ఇంటిదారి. అందుకని అట్టపెట్టెలో చిన్న ఫ్యాను, పొగ వదిలే మిషను పెట్టి బుల్లి టోర్నడోను తయారు చేశారు. బయటి గాలి తగిలితే పొగ చెదిరిపోతుంది. నోటీసు బోర్డు మీద "పదింటికి టోర్నడో. కిటికీలన్నీ మూయాలి" అని రాసి లాబ్‌లో దూరారు.

ఆ బడిలో బోర్డు మీద ఏం రాసినా అటెండరు గంట కొట్టి, క్లాసు క్లాసుకూ వెళ్లి చదవాలి. ఎందుకు, ఏమిటి అని అడగడం ఆయన డ్యూటీలో లేదు.

"పదింటికి టోర్నడో అంట! కిటికీలు మూసెయ్యండి!"

"కిటికీలు మూస్తే ఆగుతుందా అది? కప్పులే లేపుకుపోతుంది!" అన్నారు లెక్కల టీచరు, సుద్దముక్క పారేసి.

హెడ్మిస్ట్రెస్‌కు ముచ్చెమటలు పట్టాయి. "కింద స్టోరురూంలోకి పదండి! పరిగెత్తకండర్రా, వరసలో!"

ఫ్యాను హోరులో మాస్టారికి ఇదేమీ వినబడలేదు. పదయినా పిల్లలు రాకపోయేసరికి వెతుక్కుంటూ కిందికి దిగారు. ఎవరో చెయ్యి పట్టి స్టోరురూంలోకి లాగి తలుపు వేశారు. లోపల ఎనభైమంది పిల్లలు. చీపుళ్ల పక్కన, ముందే వచ్చేసిన ఇన్‌స్పెక్టరమ్మ, నెత్తిన బకెట్టుతో.

"మీరేనా రాసింది? సరిగ్గా పదింటికని ఎలా తెలిసింది?"

నిజం చెబితే ఉద్యోగం గోవిందా. ఇంతలో ఓ పిల్ల అడిగింది. "సార్, అది ఎలా పుడుతుంది?"

పాఠం దానంతటదే నోట్లోకి వచ్చేసింది. "పెద్ద ఉరుముల మేఘం కింద గాలి ఒక దిక్కుకి, పైన ఇంకో దిక్కుకి వీస్తే మధ్య గాలి చాపచుట్టలా దొర్లుతుందమ్మా. పైకి లేచే వేడిగాలి ఆ చుట్టని నిలబెడుతుంది. అది సన్నబడి నేలను తాకితే టోర్నడో. ఒకింటిని పీకేసి, పక్కింటి తీగమీద బట్టల్ని ముట్టుకోకుండా పోవచ్చు."

"మరి పదింటికని?" ఇన్‌స్పెక్టరమ్మ వదల్లేదు.

"అంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరండీ. మహా అయితే కొద్ది నిమిషాల ముందు తెలుస్తుంది. నేను రాసింది... అట్టపెట్టెలో దాని గురించండీ."

ఇన్‌స్పెక్టరమ్మ బకెట్టు దించారు. "బతికించావయ్యా! మా చెల్లెలిల్లు ఈ వీధి చివరే. హడలి చస్తున్నాను. మూడు నిమిషాల్లో పిల్లలంతా ఉండాల్సిన గదిలో ఉన్నారు, ఒక్కరూ ఆవలించకుండా పాఠం విన్నారు. నిన్ను పర్మనెంటు చెయ్యక ఏం చేస్తాను?"

హమ్మయ్య అంటూ మాస్టారు చీపుళ్ల మీదే కూలబడ్డారు. పైన ఖాళీ లాబ్‌లో బుల్లి టోర్నడో చక్కగా తిరుగుతూనే ఉంది.

మర్నాడు అటెండరు గంట కొట్టి, క్లాసు క్లాసుకూ వెళ్లి చదివారు: "ఇకపై టోర్నడోలు హెడ్మిస్ట్రెస్ సంతకం ఉంటేనే రావాలి."