మానిన పుండు, చెల్లని రోగి

జబ్బు చేయడం ప్రకృతి ధర్మం. ఆ జబ్బు నియమావళి ప్రకారం నయం కావడమే నాగరికత. ఈ సంగతి ఆళ్లగడ్డ దెబోరా టీచరమ్మకు యాభై నాలుగో ఏట, ఎడమ అరికాలి ద్వారా తెలిసింది.

షుగరు వల్ల బొటనవేలి కింద పుండు పడి పదకొండు నెలలైంది. ఉన్న మందులన్నీ వాడారు. పుండులోని క్రిములు వాటికి అలవాటు పడిపోయాయి (హెడ్మాస్టరు కేకలకు పిల్లలు అలవాటు పడినట్టే). చివరికి పాదం తీసేయాలన్నాడు డాక్టరు. దొర్నిపాడు బడిలో పొద్దస్తమానం నిలబడి పాఠం చెప్పే మనిషి ఆమె. ఆ వారమంతా బస్సు మెట్టెక్కిన ప్రతిసారీ తన కాలి వంకే చూసుకుంది.

నంద్యాలలో ఒక పరిశోధనా కేంద్రం కొత్త లేపనాన్ని రోగుల మీద పరీక్షిస్తోందని అప్పుడే తెలిసింది. వెళ్లింది. సమన్వయాధికారి వినీత్ అరవై పేజీల అంగీకార పత్రం చేతికిచ్చాడు. అది మొత్తం చదివిన తొలి రోగి ఆమే. అలవాటు కొద్దీ ఎర్ర పెన్నుతో పదకొండు అక్షరదోషాలు దిద్దింది కూడా. దిద్దడమంటే పత్రాన్ని మార్చడమే కనుక పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం అత్యవసరంగా సమావేశమై, తప్పులన్నిటినీ యథాతథంగా ఆమోదించింది.

చేరాలంటే పుండు కనీసం రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. టీచరమ్మది రెండుంబావు, చేర్చుకున్నారు. పక్క బెంచీ మీద సున్నిపెంట దగ్గరి గూడెం నుంచి వచ్చిన మారెన్న ఉన్నాడు. అడవిలో వెదురు మోడు మడమలో దిగి, చీము పట్టింది. అతనిది ఒకటిన్నరే.

"పెద్దదయినాక రాన్నా," అన్నాడు వినీత్.

"ఇంగా ఎంత పెద్దది గావాలప్పా?"

"అర సెంటీమీటరు చాలు. తొందరేం ల్యా."

సగం మంది రోగులకు అసలు మందు, సగం మందికి మందు కలపని ఉత్త లేపనం. ఎవరికేది అందిందో ఎవరికీ చెప్పరు. టీచరమ్మకు మాత్రం మూడో వారానికే తెలిసిపోయింది. ఒక ఉదయం కట్టు విప్పితే కింద చర్మం, చర్మమే ఉంది. నమ్మలేక వేలితో నొక్కి చూసుకుంది. చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి, ఊరికే మళ్లీ వెనక్కి నడిచి వచ్చింది. ఇంట్లో కూర్చుని కాసేపు ఏడ్చింది.

ఆరో వారం కొలత కోసం నంద్యాల వెళ్లింది. వినీత్ స్కేలు పట్టుకుని పాదమంతా వెదికాడు.

"మేడమ్, పుండు యాడ?"

"మానిపాయ గదప్పా!"

"అట్లెట్ల మానుతుంది మేడమ్? ఆరో వారంలో కొలవాల. పన్నెండో వారంలో మానాల."

"దేవుని దయ. నేనేం చేయాల?"

వినీత్ కొలత గడిలో సున్నా కొట్టాడు. కంప్యూటరు తీసుకోలేదు. పుండు లేని రోగి పుండ్ల పరిశోధనలో ఉండకూడదని దాని అభిప్రాయం. అర్ధాంతరంగా వెళ్లిపోయినవారికి అది మూడే కారణాలు ఒప్పుకుంటుంది: మరణం, గర్భం, ఊరు మారడం.

"చనిపోయినారని ఏయాలంటే సర్టిఫికెట్టు తేవాల మేడమ్. ఊరు మారినారని ఏస్తా."

"ఆళ్లగడ్డలోనే ఉండా గదప్పా!"

"మీరుండారు. పుండు ల్యా గదా."

ఆ విధంగా నయమైన నలభై ఒక్క మందీ కాగితాల మీద ఊళ్లు వదిలిపోయారు. సంచాలకురాలు ఉమామహేశ్వరమ్మ లెక్కలు పరిశీలించి, ఈ మందుకు వలస అనే దుష్ప్రభావం ఉన్నట్టు గుర్తించారు. ఇక మిగిలినవారిలో మందు రాసుకుని మానినవారు సున్నా, ఉత్త లేపనం రాసుకుని మానినవారు సున్నా. రెండూ సమానం. మందు పనిచేయదని శాస్త్రీయంగా తేలింది. మిగిలిన మందు గొట్టాలను గదిలో పెట్టి సీలు వేశారు.

అప్పటికి మారెన్న పుండు అయిదు సెంటీమీటర్లకు చేరింది. అర్హత సాధించి వచ్చేసరికి పరిశోధన మూసేశారు. దిక్కు తోచక, ఆనాడు బెంచీ మీద నంబరిచ్చిన టీచరమ్మకు ఫోను చేశాడు. ఆమె బడికి సెలవు పెట్టి వచ్చి, అతన్ని వెంటబెట్టుకుని నేరుగా సంచాలకురాలి గదిలోకి వెళ్లింది. చెప్పు విడిచి, కుర్చీ మీద కాలు పెట్టింది.

"చూడండి మేడమ్. మీ మందుకే మానింది."

ఉమామహేశ్వరమ్మ కళ్లద్దాలు సవరించుకుని శ్రద్ధగా చూశారు. "చాలా మంచి పాదం. కానీ ఒక్క పాదం సాక్ష్యం కాదమ్మా."

"నయమైనోళ్లం నలభై ఒక్క మందిమని మీ వినీతే చెప్పినాడు గదా?"

"మీరంతా వలస పోయారు కదా."

టీచరమ్మ మారెన్న వైపు చేయి చూపింది. "ఈయనకు ఒక్క గొట్టం ఈండి. పనిచేయని మందే గదా, ఇస్తే మీకు పొయ్యేదేముంది?"

సంచాలకురాలు నొచ్చుకున్నారు. "పనిచేయదని తెలిసిన మందును రోగికి ఇవ్వడం అనైతికం. మేం అలాంటివాళ్లం కాదు."

మారెన్న గోడ పట్టుకుని, మడమ ఆనకుండా బయటికి నడిచాడు. టీచరమ్మ అతని చేయి తన భుజం మీద వేసుకుంది.

మరుసటి నెల అతని పాదం తీసేశారు. వారం తిరక్కుండానే కేంద్రం నుంచి అభినందన లేఖ వచ్చింది: కృత్రిమ పాదాల మీద కొత్త పరిశోధన మొదలవుతోందనీ, ఈసారి మారెన్న గారు అన్ని విధాలా అర్హులనీ.