కాయితం కవర్ల కుట్ర

"మోయిన్, ఈ జిల్లాలో నేరాలకు ఇవాళ్టితో ఆఖరు. డిటెక్టివ్ బసవయ్య రంగంలోకి దిగాడు!"

అట్లా ప్రకటించి కోటు గుండీ పెట్టుకోబోయాడు. గుండీ ఊడి కాలవలో పడింది. నరసరావుపేటలో వీడిది జిరాక్స్ షాపు, పక్కనే నా మెకానిక్ షెడ్డు. నా ఖర్మ.

కేసేందంటే, ఎండుమిర్చి ప్యాక్ చేసి హైదరాబాదు పంపే పూర్ణిమ గారు ప్లాస్టిక్ మానేసి, మా రహీమ్ మామూ చేత మైదా జిగురుతో కాయితం కవర్లు చేయిస్తన్నారు. మూడు వారాల్నించీ కవర్ల అడుగు ఊడి దారంతా కాయలే. "సాయంత్రంలోపు కారణం తేలకపోతే మళ్ళీ ప్లాస్టికే, రహీమ్ గారూ" అన్నారావిడ ఇవాళ పొద్దున్నే. పాత పని మానుకుని దీన్నే నమ్ముకున్నాడు మామూ. నాకు అన్నం దిగలా.

"అంతర్జాతీయ ప్లాస్టిక్ ముఠా పనిది!" అన్నాడు బసవయ్య.

"ముఠాకి నరసరావుపేటలో ఏం పనిరా?"

"అదే నా అనుమానం!"

మామూ దగ్గరే జిగురు అడుక్కొచ్చి పెట్టుడు మీసం అంటించుకున్నాడు. నన్ను లాక్కెళ్ళి, పూర్ణిమ గారి గోడౌన్లో మిరపకాయల కుప్ప వెనక గోనెపట్టా కప్పుకుని నక్కాడు. నాకు ఒకటే తుమ్ములు.

ఇంతలో ప్యాకింగ్ చేసే కొండమ్మత్త చెంబుతో వచ్చి, కుప్ప మీద నీళ్ళు చిలకరించసాగింది.

"ఆగు! విషప్రయోగం!" అంటూ కుప్ప మీదికి దూకాడు బసవయ్య.

అత్త కెవ్వుమని చెంబెడు నీళ్ళూ వాడి మొహాన కొట్టింది. మీసం మెల్లగా జారి గడ్డం దాటి కింద పడింది.

"నా మీసం! ముఠా ఇక్కడే ఉంది!"

నేను మీసం వంక చూశా, తడి కాయల వంక చూశా. "అత్తా, కాయల మీద నీళ్ళెందుకు?"

"ఎండుకాయ పెళుసు గదా అబ్బాయ్, తడపకుండా కూరితే ముక్కలైపోదూ? ముప్ఫై ఏళ్ళనుంచీ ఇంతే. ప్లాస్టిక్ కవరుకీ ఇట్టాగే చేశా."

"ఆ తడికే గదా జిగురు ఊడేది!"

కేకలకి పూర్ణిమ గారూ మామూ పరిగెత్తుకొచ్చారు. సంగతి విని ఆవిడ మొహం చిన్నబోయింది. "తప్పు మాదే, రహీమ్ గారూ. మా ప్యాకింగ్ ఒకసారి చూడమని మిమ్మల్ని పిలవనే లేదు."

"నేనూ అడగలేదమ్మా. గుమ్మంలో దించి పోయా." మామూ ఒక తడి కాయ వంచి చూశాడు. "పొద్దున్నే తడిపి, పైతడి ఆరాక ప్యాక్ చెయ్యండి. అడుగున ఇంకో మడత నేనేస్తా."

మధ్యాహ్నానికి కాయల పైతడి ఆరింది. కొత్త మడతేసిన మొదటి కవరు నింపి మామూ చేతికిచ్చారు. పైకెత్తి గట్టిగా ఊపాడు. ఒక్క కాయ రాలలా. ఆయన ఆ కవరుని గుండెకి హత్తుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చినై.

"నేను ముందే కనిపెట్టా. కేసు క్లోజ్!" అన్నాడు బసవయ్య మళ్ళీ కాయల కుప్ప మీదికెక్కి, చేతులు కట్టుకుని.

"ముందు కిందికి దిగరా నాయనా!" అరిచింది కొండమ్మత్త. "ముప్ఫై ఏళ్ళుగా ఒక్క కాయ విరగనియ్యలా నేను. నువ్వొక్కడివే బస్తాడు తొక్కావు!"